పాట కావాల, కూలి వద్దా?

మూడు మాటలు తీసెయ్యమన్నారు. కూలి, అడ్వాన్సు, కంట్రాక్టరు.

నెల్లూరు తీరంలో రొయ్యల షెడ్లలో తలలు తీసే ఆడవాళ్లతో మాట్లాడి, 28 నిమిషాల కార్యక్రమం తయారుచేసి, ఒక సామాజిక రేడియో వాళ్ల దగ్గరికి పట్టుకుపోయాను. పేరు చెప్పను. ఆ బాపతు పెద్దమనుషులు ఒక్కచోటే ఉంటే చెప్పేవాణ్ణే. విన్నారు. మెచ్చుకున్నారు. టీ ఇప్పించారు. ఆ తర్వాత కత్తెర తీశారు. మూడు మాటలూ, వాటి చుట్టూ ఉన్న బతుకూ పోగా మిగిలింది ఏందయ్యా అంటే, మంచుగడ్డల్లో పెట్టి పెట్టి వేళ్లు పాసిపోయిన ఒకామె పాడిన పాట. నాలుగు నిమిషాలు. 'అద్భుతం సార్, అచ్చమైన జానపదం, ఇది వేద్దాం' అన్నారు.

ఆమె గొంతు కావాల. ఆమె లెక్క వద్దు.

అడిగితే రూలు చూపిస్తారు. సామాజిక రేడియోలో వార్తలు, వర్తమాన విషయాలు, రాజకీయాలు వెయ్యకూడదని 2006 మార్గదర్శకాల్లో ఉంది. ఉంది, కాదనను. మరి కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికుల భాగస్వామ్యంతోనే తయారు కావాలని కూడా ఆ కాగితంలోనే ఉందే! సామాజిక సంక్షేమానికి ప్రాధాన్యం ఇవ్వాలనీ ఉందే! ఆ వాక్యాల దగ్గరికి వచ్చేసరికి వీళ్ల కళ్లజోళ్లకు ఆవిరి పట్టుద్ది. ఇంకో తమాషా వినండి. 2011 నాటి ప్రైవేటు ఎఫ్ఎం విధానంలో ఉద్యోగావకాశాల సమాచారం వార్త కిందికి రాదని రాశారు. అంటే 'మా షెడ్డులో మనుషులు కావాలహో' అని చాటింపు వెయ్యొచ్చు. ఆ షెడ్డులో చేరినామెకు మూడు వారాల కూలి ఇయ్యలేదంటే మాత్రం అది వార్త, అది రాజకీయం, అది లైసెన్సుకు గండం.

కనీస వేతనాల చట్టం 1948లో వచ్చింది. ఇప్పుడు దాన్ని కోడ్ అని కొత్త చొక్కా తొడిగి తిప్పుతున్నారు. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976ది. ఈ తీరాన రొయ్యల చెరువు గట్టున కాపలా కాసే యానాది కుటుంబాన్ని అడగండి, అడ్వాన్సు అనే మూడక్షరాల తాడు ఎంత పొడుగో చెప్తారు. యాభై ఏళ్ల నాటి చట్టం చదివి వినిపిస్తే అది వర్తమాన విషయం ఎట్టా అవుద్ది? అమలు కాలేదు గనకే అది ఇంకా వార్తగా మిగిలింది. ఆ ఒప్పుకోలు నోటితో చెయ్యలేక రూలు చాటున దాక్కుంటున్నారు.

1996 డిసెంబరు 11న జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల చెరువుల మీద తీర్పిచ్చింది. చెరువులు పోతాయన్న మాట మాత్రం అందరికీ తెలిసింది. మూతపడే చెరువుల్లో ఏడాదికి తగ్గకుండా పనిచేసిన కూలీలకు చట్ట ప్రకారం వచ్చే పరిహారం కాక, అదనంగా ఆరేళ్ల జీతం ఇవ్వాలని అదే తీర్పులో ఉంది. ఈ మాట ఎవరు చెప్పారు? యజమానులు ఢిల్లీకి పరిగెత్తారు. రివ్యూలు, స్టేలు నడిచాయి, 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది, చెరువులు నిలిచాయి. ఆరేళ్ల జీతం మాట ఉప్పునీళ్లలో కలిసింది. తనకు హక్కుందని తెలియని మనిషి దాన్ని పోగొట్టుకున్నానని ఏడవలేడు గదా. అందుకే మన తీరం ఇంత ప్రశాంతంగా ఉంది.

చదువు చెప్తే ఏమవుద్దో ఈ జిల్లాకు ఒకసారి అనుభవమైంది. 90ల మొదట్లో అక్షరాస్యత పాఠాల్లో సారా మీద సీతమ్మ కథ పెట్టారు. దూబగుంట ఆడవాళ్లు అక్షరాలతో ఆగలేదు, సారా కొట్టు మూయించారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఒక్క పాఠం! ఇక రేడియోలో రోజుకు అరగంట కూలి లెక్కలు చెప్తే ఏమవుద్దో కంట్రాక్టరుకు తెలుసు. మీకూ తెలుసు. తెలిసే కత్తెర పట్టారు.

సంఘాల నాయకులారా, పక్కన నిలబడి ముసిముసి నవ్వులు నవ్వబాకండి. మీకు 28 నిమిషాలు ఇస్తే 26 నిమిషాలు మీ ఉపన్యాసమే. ఆమె నోటి ముందు పెట్టాల్సిన మైకు మీ మీసాల దగ్గర ఆగిపోతుంది. వాళ్లు ఆమె కూలిని కత్తిరిస్తే మీరు ఆమెనే కత్తిరిస్తారు.

మైకు పనిచేసేవాళ్ల చేతిలోనే ఉంటే ఎట్టా ఉంటదో చూడండి. జహీరాబాద్ దగ్గర మాచునూరులో దళిత ఆడవాళ్లు నడిపే 'సంఘం రేడియో' ఉంది. 1998 నాటికే స్టూడియో కట్టుకుని, లైసెన్సు కోసం పదేళ్లు కాచుకుని, 2008 అక్టోబరు 15న గొంతు విప్పారు. నడిపినవాళ్లు ఇద్దరు నర్సమ్మలు, చేలో పనెరిగినవాళ్లు. బొలీవియాలో తగరపు గనుల కూలీలు తమ జీతంలోంచి డబ్బు తీసి రేడియోలు పెట్టుకున్నారు. సైన్యం గనుల మీదికి వచ్చినప్పుడల్లా ఆ రేడియోలను వదల్లేదు. సైనికుడికి తెలిసిన విలువ మన రేడియో మేనేజరుకు తెలియదు.

గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ బెంచీ మీద మన తెలుగువాడు జస్టిస్ జీవన్‌రెడ్డి కూడా ఉన్నాడు. ప్రజలంటే ఎవరయ్యా? మేనేజరూ, 100 వాట్ల ట్రాన్స్‌మిటరూ, 30 మీటర్ల స్తంభమూ నీ ఇంటి పెరట్లో అత్తగారు పెట్టిన సారె కాదు. చదివే నువ్వూ తక్కువవాడివి కాదు. రొయ్యల వేపుడు లొట్టలేసి తిన్నావే, దాని తల తీసిన చెయ్యికి ఎంత ఇచ్చారో ఏనాడన్నా అడిగావా? కోపం వచ్చిందా? రానీ.

పాట మటుకు వేస్తామన్నారని ఆమెకు చెప్పాను. చేతిలో రొయ్య చేతిలోనే ఉంది, తల ఎత్తలేదు.

'అబ్బయా, అయితే పాట కూడా ఇయ్యబాక' అంది.

ఇయ్యలేదు. 28 నిమిషాలూ నా దగ్గరే ఉన్నాయి.