క్వార్ట్జ్ గట్టూ, గారెల మూకుడూ

మా వంటగట్టు మీద ఒక మచ్చ ఉంది. అరచేతంత, గుండ్రంగా, పసుపూ గోధుమరంగూ కలిసినట్టు. కిందటి దీపావళికి గారెలు వేశాక మా ఆవిడ చేతిలోంచి మూకుడు అందుకుని, "రాయే కదా, ఏం కాదులే" అంటూ గట్టు మీద పెట్టింది సాక్షాత్తూ నేనే. కాబట్టి ఇందులో కొంత సొంత ఏడుపు కూడా ఉంటుంది, క్షమించాలి.

డల్లాస్‌లో ఇల్లు కొన్నప్పుడు బిల్డర్ తాలూకు మనిషి గ్రానైటా, క్వార్ట్జా అనడిగాడు. గ్రానైట్‌కి అప్పుడప్పుడూ సీలర్ పూయాలిట, క్వార్ట్జ్‌కి మెయింటెనెన్స్ జీరో అట. ఆఫీసులో ఎవరైనా జీరో అంటే నవ్వుతాను. అక్కడ మాత్రం బుద్ధిగా తలూపి సంతకం పెట్టాను.

అసలు సంగతి ఏంటంటే, క్వార్ట్జ్ గట్టు అచ్చంగా రాయి కాదు. గ్రానైట్‌ని కొండలోంచి దిమ్మగా తీసి పలకలుగా కోస్తారు. ఇదేమో క్వార్ట్జ్ రాయిని రవ్వగా, పొడిగా నూరి, పాలియెస్టర్ రెజిన్ కలిపి, గాలి లాగేసి, అదిమి, వేడిచేసి గట్టిపరిచిన పలక. బరువులో 90 శాతం పైగా రాయే. మిగతా జిగురు కొంచెమే, కానీ మొత్తం సిస్టమ్ దాని మీదే ఆధారపడి ఉంది. సుమారు 150 డిగ్రీల సెల్సియస్ దాటితే ఆ జిగురు రంగు మారడం మొదలెడుతుంది. గారెల నూనె 180 దగ్గర ఉంటుంది. లెక్క మీరే వేసుకోండి. కుక్కర్ లోపలి ఆవిరి 120 దాకానే ఉంటుంది గనక దాన్ని నేరుగా పెట్టి బతికిపోయినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ ధైర్యంతో మూకుడు పెట్టకండి. పాలిష్ పడితే పోతుందనుకున్నాను, కాలింది జిగురే అయినప్పుడు ఇంకేం పాలిష్! వారంటీ కాగితాలు తీస్తే వేడికి అయిన డ్యామేజీకి వర్తించదని చక్కగా రాసి ఉంది.

తిట్టడమే కాదు, మంచి కూడా చెప్పాలి. సాంబారు, టీ, నూనె లోపలికి ఇంకవు. పసుపు మాత్రం వెంటనే తుడవాలి, రాత్రంతా ఉంచితే తెల్ల గట్టు మీద మరక పట్టుకుంటుంది. కత్తితో గీత పడదు, కత్తే మొద్దుబారుతుంది. గిన్నెలు తోమే సబ్బూ, మెత్తటి స్పాంజీ చాలు. బ్లీచూ, ఓవెన్ క్లీనరూ దగ్గరికి రానివ్వకండి. పెరట్లో గ్రిల్ పక్కన అసలే వద్దు, ఎండకి రెజిన్ పచ్చబడుతుంది.

ఒంగోల్లో మా అమ్మ గట్టు నల్ల గ్రానైట్, పక్కనే చీమకుర్తిది. పాతికేళ్ళుగా పొయ్యి మీది గిన్నె దించి దాని మీదే పెడుతోంది. దానికి సీలర్ అనే మాట కూడా తెలీదు. పోపులూ, వేపుళ్ళూ ఉండే మన వంటకి గ్రానైటే నయం అని నా అభిప్రాయం. తమాషా ఏంటంటే అమెరికాకి వచ్చే క్వార్ట్జ్ పలకలు కొన్ని మన విశాఖపట్నంలోనే తయారవుతాయి.

సరే, మచ్చ ఉన్న పలక మార్పిద్దామని ఒకతన్ని పిలిచాను. పాతికేళ్ళు కూడా ఉండవు. పలక తెచ్చి, స్టవ్వు కోసం కన్నం మా డ్రైవ్‌వేలోనే కోసేస్తానన్నాడు. నీళ్ళు పోస్తూ కోస్తావా అంటే నవ్వి, మెడలో వేలాడుతున్న గుడ్డ మాస్కు చూపించాడు.

ఈ పలకని పొడిగా కోస్తే లేచే సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది. దానికి నయం చేసే మందు లేదు, ఆ పని మానేసినా జబ్బు ముదురుతూనే ఉండొచ్చు. గ్రానైట్ దుమ్ము కూడా మంచిది కాదు గానీ, అందులో సిలికా సాధారణంగా దీనికంటే చాలా తక్కువ. ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి ఇలాంటి పలకల తయారీ, అమ్మకం, బిగింపు నిషేధించింది. కాలిఫోర్నియాలో జబ్బుపడ్డవాళ్ళలో చాలామంది వలస వచ్చినవాళ్ళే. బిగించేశాక ఆ గట్టు వల్ల మనకేం ప్రమాదం లేదు. అందుకే మనకి గుర్తురాదు కూడా. కొత్తగా వేయించుకునేవాళ్ళు సిలికా తక్కువున్న పలకలు దొరుకుతాయేమో అడగండి, కోత వర్క్‌షాపులో నీళ్ళతోనే జరగాలని ముందే రాయించుకోండి.

ఆ కుర్రాడికి కాఫీ ఇచ్చి, వద్దులే అని పంపించేశాను. మా ఆవిడ ఊరినుంచి తెప్పించిన కుదురు ఒకటి ఇప్పుడా మచ్చ మీద కూర్చుంది. మూకుడు దాని మీదే దిగుతోంది.