జ్వాలాపురపు బూడిద

నంద్యాల జిల్లాయందలి జుర్రేరు లోయలో, జ్వాలాపుర గ్రామసమీపమున, నేల త్రవ్వినచో తెల్లని బూడిదపొర బయల్పడును. చూపునకు సున్నపుపొడివలె దోచు నిది నిజమునకు సన్నని గాజుతునుకల రాశి. రమారమి 74,000 సంవత్సరముల క్రిందట సుమత్రాయందలి టోబా అగ్నిపర్వతము బ్రద్దలైనప్పుడు, కరగిన శిల స్ఫటికములుగా నేర్పడు వ్యవధి లేక గాజై, తునిగి, గాలివెంట సముద్రము దాటి యిచట రాలినది. ఆ గాజునందలి ధాతువుల పాళ్లే దాని జన్మస్థానమునకు సాక్ష్యము.

ఈ పొరకు క్రిందను మీదను గూడ రాతిపనిముట్లు దొరకినవని మైకేల్ పెట్రాగ్లియా, రవి కొరిసెట్టర్ ప్రభృతులు 2007లో ప్రకటించిరి. ఆ యుత్పాతమున మానవజాతి యించుమించుగా నశించెనను వాదము దీనితో సడలినది. అయినను అచట నాటి మానవాస్థులు దొరకనందున, పనిముట్లు చేసినవారెవరను వివాదము తీరలేదు. తీర్పు చెప్పవలసిన సాక్షి ఆ మన్నే.

అట్టి బూడిదను పాత్రలు తోము పొడికై త్రవ్వి యమ్ముట జరిగినది. ఇందుకు రైతును నిందించుట న్యాయము గాదు. తన పొలమున దొరకినదానిని వాడమ్ముకొనెను. ప్రభుత్వమే తగిన వెల యిచ్చి కొంతభూమిని కొని, పొరను చెక్కుచెదరకుండ కాపాడవలయును. బస్తాల కెక్కిన చరిత్రను మరల నేలలో పరచుట యెవరి తరమును గాదు.