పెట్టె తెరిచే ముందు పసిబిడ్డను తలచుకోండి



సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో మన వైపు నాలుగైదు రోజులు మంచి ఎండ కాస్తుంది. నైరుతి వానలు తగ్గి, ఈశాన్య వానలు ఇంకా పట్టుకోని సందు అది. బట్టల పెట్టె, బీరువా ఖాళీ చేసి సర్దుకోవడానికి అంతకంటే మంచి అదను దొరకదు. తెనాలి చుట్టూ కాలువలు, వరి చేలు; బాపట్లకు సూర్యలంక మీదుగా వచ్చే ఉప్పుగాలి; రేపల్లెకు ఒక ప్రక్క కృష్ణమ్మ, దిగువన సముద్రం. ఈ మూడు చోట్లా ఇంటి గోడలకు చెమ్మ తప్పదు. ఈ అదను దాటితే క్రిస్మస్‌కు తీసిన పట్టుచీర మీద బూజు మచ్చలు చూడవలసి వస్తుంది.

పని మీకు తెలిసిందే కనుక రెండు మూడు మాటలే చెబుతాము. నూలు బట్టలు, దుప్పట్లు, రగ్గులు ఎండలో వేయండి. పట్టు, రంగు చీరలు నీడన గాలికి ఆరవేయండి. ఎండలో వేడెక్కిన బట్టను వెంటనే మడిచి పెట్టవద్దు, చల్లారనివ్వండి. ఆదివారం కట్టుకునే తెల్లచీరలకు గంజి పెట్టుకుంటాము గదా, వారం వారం కట్టేవాటికి ఫరవాలేదు. నెలల తరబడి పెట్టెలో ఉండేవాటికి మాత్రం గంజి వదిలేలా ఉతికి పెట్టాలి. వెండిలా మెరుస్తూ చేతికి దొరకకుండా జారిపోయే పురుగుకు గంజి అంటే ప్రాణం. పట్టును, ఉన్నిని కొట్టేది చిమ్మెట పిల్ల. కొండమీది ప్రసంగంలో చిమ్మెట మాట వచ్చినప్పుడు మన అమ్మమ్మలకు వేరే వ్యాఖ్యానం అక్కరలేకపోయేది! పట్టుచీరను తెల్లని నూలుగుడ్డలో చుట్టి, పాత మడత మీద కాక మరోచోట మడవండి. బీరువాను గోడకు ఆనించకుండా బెత్తెడు ఎడం ఉంచండి.

ఇక ఈ నెల మేము ముఖ్యంగా మాట్లాడదలచినది కలరా ఉండల గురించి.

పురుగు పట్టకుండా పెట్టెలో నాలుగు కలరా ఉండలు పడవేయడం ప్రతి ఇంటా ఉన్నదే. వాటి అసలు పేరు నాఫ్తలీను. కొన్నాళ్ళకు ఉండ చిన్నదవుతుంది, తరువాత కనబడదు. అది కరిగిపోలేదు, ఆవిరై ప్రతి బట్ట పోగులోనూ చేరింది. పెద్దవాళ్ళకు అదొక వాసన మాత్రమే. అప్పుడే పుట్టిన బిడ్డకు అది ప్రాణం మీదికి రావచ్చు.

మన ఇళ్ళలో తొలి పురుడు పుట్టింట్లో పోస్తారు. నొప్పులు వస్తున్నాయనగానే అమ్మమ్మ పెట్టె తెరిచి మెత్తని పాత చీరలు, పంచెలు తీసి, చింపి, పొత్తిగుడ్డలు సిద్ధం చేస్తుంది. కొత్త బట్ట గరుకుగా ఉంటుంది, పాతది మెత్తగా ఉంటుంది కనుక ఆ ఆలోచన మంచిదే. కాని ఆ చీర ఏడాదిగా కలరా ఉండల మధ్య ఉన్నదైతే, బిడ్డను రాత్రింబవళ్ళు ఆ ఆవిరిలో చుట్టినట్టే. అది ఊపిరితోనూ, చర్మం గుండానూ లోపలికి పోతుంది. ఒంటికి నూనె రాసి చుడితే మరింత సులువుగా పోతుంది.

కొందరు బిడ్డలకు పుట్టుకతోనే జి-6-పి-డి అనే పదార్థం రక్తంలో తక్కువగా ఉంటుంది. ఎర్ర రక్తకణాలను కాపాడేది అదే. ఈ లోపం తల్లి ద్వారా వస్తుంది, మగపిల్లల్లో ఎక్కువగా బయటపడుతుంది. మలేరియా తరతరాలుగా ఉన్న ప్రాంతాల ప్రజలలో, మన దేశంలో కూడా, ఇది కనిపిస్తుంది. చూడడానికి బిడ్డ చక్కగానే ఉంటాడు. నాఫ్తలీను తగిలితే మాత్రం రక్తకణాలు చిట్లిపోయి, కామెర్లు ముదురుతాయి. పసివాడి కాలేయం ఆ భారాన్ని మోయలేదు. పచ్చదనం మెదడుకు ఎక్కితే వినికిడి పోవచ్చు, కాళ్ళూ చేతులూ స్వాధీనంలో లేకుండా పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. ఐరోపా సమాఖ్య దేశాలు 2008లో ఈ ఉండలను నిషేధించాయి. మన కిరాణా కొట్లలో ఇంకా దొరుకుతూనే ఉన్నాయి.

పుట్టిన బిడ్డల్లో చాలామందికి కొద్దిపాటి పచ్చదనం వచ్చి పోతుంది, దానికి కంగారుపడనక్కరలేదు. కాని మొదటి 24 గంటల్లోనే పచ్చబడినా, అరచేతులకు, అరికాళ్ళకు పాకినా, మూత్రం ముదురు రంగులో పోసినా, పాలు తాగక మగతగా పడి ఉన్నా ఆ పూటే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. పసర్లు పోయించడం, పొద్దుటి ఎండలో పడుకోబెట్టి నాలుగు రోజులు చూద్దామనుకోవడం వద్దు. ఆసుపత్రిలో నీలి కాంతి కింద ఉంచుతారు, అవసరమైతే రక్తం మారుస్తారు. బిడ్డ గుడ్డలు కలరా ఉండల పెట్టెలోవని డాక్టరుగారికి తప్పక చెప్పండి. ఆయన అడగకపోయినా చెప్పండి.

కనుక ఇంట్లో కడుపుతో ఉన్న అమ్మాయి ఉంటే ఈ ఎండల్లోనే పసిబిడ్డ గుడ్డలు వేరుచేయండి. ఉతికి, వాసన పూర్తిగా పోయేదాకా రోజుల తరబడి ఎండలో ఆరవేసి, ఏ ఉండా లేని సంచిలో విడిగా పెట్టండి. ఒక్క ఉతుకుతో పోయే వాసన కాదది. ఇంకా వాసన వస్తుంటే ఆ గుడ్డను బిడ్డకు వాడనే వద్దు. పక్కలో వేసే రగ్గు సంగతీ అంతే. దాని బదులు కర్పూరం పెడతామంటారేమో, పసిబిడ్డకు అదీ మంచిది కాదు. నీడన ఎండబెట్టిన వేపాకు మూటగట్టి పెద్దల బట్టల్లో పెట్టుకోవచ్చు. దాని బలం కొద్దిరోజులే కాబట్టి మారుస్తూ ఉండాలి. అసలు మందు శుభ్రంగా ఉతకడం, ఎండ, మూత గట్టిగా పడే పెట్టె. కొనివుంచిన ఉండలను పారవేసేటప్పుడు కూడా పిల్లలకు అందనీయకండి. పెప్పరమెంటు బిళ్ళనుకుని నోట్లో వేసుకుంటారు.

పెట్టె ఎలాగూ తెరిచారు కనుక మరొక పని. మనకు నవంబరు, డిసెంబరు తుఫాను నెలలు. 1977 నవంబరు 19 ఉప్పెన ఈ తీరాన ఎవరూ మరువలేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుండి 11 లక్షల క్యూసెక్కులకు మించి నీరు వదిలినప్పుడు రేపల్లె, కొల్లూరు వైపు లంక గ్రామాలు మునిగాయి. అలాంటి రాత్రి బీరువా తాళంచెవి వెతుక్కునే వ్యవధి ఉండదు. ఇంట్లో ఒక్కొక్కరికి ఒక జత బట్టలు, ఒక దుప్పటి, పసివాడుంటే ఆ విడిగా పెట్టిన గుడ్డల సంచి, పాసుపుస్తకం, రేషను కార్డు, ఆధార్, పిల్లల సర్టిఫికెట్లు, బాప్తిస్మపు పత్రం అన్నీ రెండు ప్లాస్టిక్ కవర్లలో ఒకదానిలో ఒకటి వేసి గట్టిగా కట్టండి. మూటను అటక మీద, నిచ్చెన అవసరం లేకుండా చెయ్యి అందేచోట పెట్టి, అది ఎక్కడున్నదీ ఇంట్లో అందరికీ చూపించండి.