గీటురాయి దగ్గర మీరూ ఉండండి

డెల్టాలో సార్వా పెట్టుబడికైనా, రొయ్యల చెరువుకైనా, కాలేజీ ఫీజుకైనా ముందు గుర్తొచ్చేది బీరువాలోని బంగారమే. నా ఇంజినీరింగ్ ఫీజు కోసం అమ్మ గాజులు తాకట్టు పెట్టినప్పుడు అప్రైజర్ చెప్పిన లెక్కకి తలూపి వచ్చేశాం. రాళ్లకి ఎంత బరువు తీసేశారో అడగాలని కూడా తెలీదు.

ఇక మీరు అడగొచ్చు. 2025 జూన్‌లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, పరీక్ష జరిగేటప్పుడు అప్పు తీసుకునేవారు అక్కడే ఉండాలి. స్వచ్ఛత, మొత్తం బరువు, నికర బరువు, తరుగులు, విలువ రాసిన పత్రం ఇవ్వాలి. అమలుకు గడువు 2026 ఏప్రిల్ 1.

లెక్క సింపులే. 20 గ్రాముల గాజుల్లో రాళ్లు 2 గ్రాములైతే నికరం 18. 916 అంటే వెయ్యిలో 916 పాళ్లు కాబట్టి అసలు బంగారం దాదాపు 16.5 గ్రాములు.

2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగలు ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ ఉంటేనే అమ్మాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో దాన్ని సరిచూసుకోవచ్చు. కానీ మన ఇళ్లలోని అమ్మమ్మల నాటి నగలకి ఆ నంబరు ఉండదు. వజ్రాలైతే ఇంకా చిక్కు: ల్యాబ్‌లో పెంచినదీ కార్బనే, మామూలు థర్మల్ టెస్టర్‌కి తేడా తెలీదు.

అందుకే చూసి, కొలిచి, రాసిచ్చే మనిషి కావాలి. బ్యాంకులు, హాల్‌మార్కింగ్ కేంద్రాలు, రత్న పరీక్షల ల్యాబ్‌లలో ఈ పని ఉంది. ఒక్క జాగ్రత్త: బ్యాంకు అప్రైజర్లకి చాలాచోట్ల జీతం కాదు, కమిషనే. కోర్సు ఫీజు కట్టేముందు ఆ సంగతి కనుక్కోండి. దానికోసం మళ్లీ గాజులు తాకట్టు పెట్టాల్సి రాకూడదు కదా!