దోమల లెక్క

ఈడిస్ దోమ ఒక విడతలో సుమారు 100 గుడ్లు పెడుతుంది. అయినా ప్రకృతిలో దోమలు అంతులేకుండా పెరగవు. ఆహారం పరిమితం, శత్రువులు అనేకం. ఒక జంట సంతానంలో సగటున రెండే మిగిలి సంతానోత్పత్తి చేస్తే ఆ జాతి సంఖ్య నిలకడగా ఉంటుంది. 1859లో డార్విన్ వివరించిన మనుగడ పోరాటమిదే.

వరంగల్ భద్రకాళి చెరువు వంటి జలాశయాలలో చేపలు, తూనీగ పిల్లలు దోమపిల్లలను భక్షిస్తాయి. మన ఇంటి మూతలేని డ్రమ్ములో, కూలర్‌లో, పాత టైరులో ఆ శత్రువులు లేవు. అక్కడ డెంగీ దోమకు అడ్డు లేదు. పొగమందు ఇతర కీటకాలకూ హాని చేస్తుంది. దానిని తట్టుకున్న దోమల సంతతే మళ్ళీ వృద్ధి చెందుతుంది.

గుడ్డు దోమగా మారడానికి దాదాపు వారం, పది రోజులు పడుతుంది. కాబట్టి పొగయంత్రం కోసం ఎదురుచూడటం కన్నా, వారానికొకసారి నీరు పారబోసి, అంచులకంటిన గుడ్లు పోయేలా తొట్టిని తోమడమే మేలని నా అభిప్రాయం. చెరువులో ప్రకృతి చేసే పని ఇంట్లో మనమే చేయాలి.