గృహపాఠశాల: బిడ్డలచేత వ్రాయించుట

సోదరీమణులారా! గతమాసమున బిడ్డలకు చదివి వినిపించుటను గూర్చి ముచ్చటించుకొంటిమి. చదువునకు తోబుట్టువైన వ్రాతను గూర్చి యీ మాసమున నాలుగు మాటలు విన్నవింతుము. ఇతరుల లోపముల నెన్నుటకు ముందు మా తప్పునే చెప్పుకొనుట న్యాయము.

మా పొరుగింటి బాలిక యొకతె అయిదవ తరగతి చదువుచున్నది. సాయంకాలమున మాయింటికి వచ్చి వసారాలో కూర్చుండి పాఠములు వ్రాసికొనును. పరీక్షకు వలసిన వ్యాసములన్నియు ఆమెకు కంఠస్థములు. ఆవును గూర్చి యడిగినను, గ్రంథాలయమును గూర్చి యడిగినను తడువుకొనక వ్రాయగలదు. అట్టి బాలిక యొకనాడు, "అత్తయ్యగారూ, మా అమ్మమ్మకు ఉత్తరం రాయాలి. ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు" అనెను. ఆ ముసలమ్మకు చెవులు వినబడవు. ఫోనులో మాటలాడుట కుదరదు. చదువ మాత్రము నేర్చినది. నీకు తోచినట్లు వ్రాసి తెమ్మంటిమి.

ఆమె పదిపంక్తులు వ్రాసి తెచ్చెను. మేము బాల్యమున మా తండ్రిగారియొద్ద అమరమును, భారతమును చదివినవారము. అక్షరదోషము కంటబడినచో మా చేయి యూరకుండదు. ఎఱ్ఱసిరా కలము తీసికొని ఒత్తులు దిద్దితిమి; దీర్ఘములు చేర్చితిమి; "చెట్టుకాడ" అనుదానిని "చెట్టువద్ద" అని మార్చితిమి; మొదట క్షేమసమాచారమును గూర్చి ఒక గంభీరమైన వాక్యము పెట్టితిమి; సందర్భశుద్ధి లేదని నడుమ నాలుగు పంక్తులు కొట్టివేసితిమి. బాలిక మాఱుమాటాడక శుద్ధప్రతి వ్రాసి టపాలో వేసెను.

వారము దాటిన పిదప ముసలమ్మ తన కుమారునిచే ఫోను చేయించి, "ఈ ఉత్తరం ఎవరు రాశారు? ఇందులో నా మనవరాలు ఎక్కడుంది?" అని అడిగించెనట. ఆ మాట బాలిక తల్లి నవ్వుచునే మాతో చెప్పెను. మాకు మాత్రము నవ్వు రాలేదు. ఆ దినములన్నిటను బాలిక మాయింటికి వచ్చుచునే యుండెను గాని, పాఠము తప్ప తనదిగా ఒక్క పంక్తియైనను వ్రాయలేదని అప్పుడు తోచెను.

ఆ రాత్రి మొదటి కాగితమును వెదకి తీసితిమి. మేము కొట్టివేసిన పంక్తులలో నున్నది యిది: వారి గేదెదూడ చచ్చిపోయినది, తల్లి యేడ్చినది, తాను అందఱియెదుట ఏడ్వక, రాత్రి దుప్పటి కప్పుకొని యేడ్చినది, ఈ సంగతి అమ్మకు చెప్పవద్దు. (బాలికయు, తల్లియు సమ్మతించిన పిదపనే దీనిని వ్రాయుచున్నాము.) సందర్భశుద్ధి లేదని మేము తలచినదే ఆ యుత్తరమునకు ప్రాణము. మావారికి చూపగా, చదివి, "బడిలో మేము చేసేదీ ఇదే" అని మాత్రము అనిరి.

మఱునాడు తప్పు మాదేయని బాలికతో చెప్పి, మొదట వ్రాసినట్లే మరల వ్రాసి పంపుమంటిమి. "తప్పులుంటాయి కదండీ" అనెను. ఉండనిమ్మంటిమి.

నాటినుండి మేము పాటించు పద్ధతిని తెలుపుదుము. మొదట నోట చెప్పింపవలయును. బడినుండి వచ్చుచు ఏమి చూచితివని అడిగి, చెప్పినదానినే వ్రాయుమనవలయును. నోట పలుకనిది చేతికి రాదు. రెండవది, విషయము చిన్నదిగ నుండవలయును. వర్షాకాలమును గూర్చి వ్రాయుమనినచో బిడ్డ పుస్తకములోని వాక్యములను వెదకును. నిన్నటి వానకు మీ యిల్లు ఎక్కడ కారినదో వ్రాయుమనినచో తాను చూచినది వ్రాయును. మూడవది, ఆ కాగితమును పరీక్షకులవలె గాక ఉత్తరమందినవారివలె చదువవలయును. దూడ యే రంగుది, ఏ పూట చనిపోయినది అని తెలియగోరి యడిగినచో బిడ్డ తానే మఱి రెండు పంక్తులు చేర్చును. నాలుగవది, బిడ్డచేతనే బిగ్గఱగ చదివింపవలయును. విడిచిన మాటయు, తెగిన వాక్యమును కంటికంటె చెవికే ముందు దొరకును.

అట్లయిన తప్పులు దిద్దవలదా యని యడుగుదురేమో. దిద్దవలయును; కాని యొక దినమున ఒక జాతి తప్పునే దిద్దవలయును. ఒకనాడు దీర్ఘములు: కలమునకును కాలమునకును గల భేదము. మఱియొకనాడు ల, ళలు: కల వేఱు, కళ వేఱు. ఇంకొకనాడు ఒత్తులు. చూచివ్రాతకును, చెప్పి వ్రాయించుటకును వేఱుగ వేళ నేర్పఱచినచో అక్షరము కుదురుపడును. ఉత్తరము వ్రాయు వేళను దానికి బలియీయరాదు.

గ్రంథభాషలో పెరిగిన మేము, బిడ్డలు ఇంటిమాటలతో వ్రాయవచ్చునని చెప్పుట కొందఱికి వింతగ నుండవచ్చును. శ్రీ గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) పర్లాకిమిడి ప్రాంతమున సవరల భాషను తాము నేర్చి, ఆ భాషలోనే వాచకములు వ్రాసి, బడులు పెట్టి వారి బిడ్డలకు చదువు చెప్పించిరి. తెలుగు బిడ్డల చదువునకును వాడుకభాషయే తగునని జీవితాంతము పోరాడిరి. వారి జన్మదినమగు ఆగస్టు 29వ తేదినే మనము తెలుగు భాషా దినోత్సవముగ జరుపుకొనుచున్నాము. గ్రంథభాష యందము చదువగా చదువగా అబ్బును. తన మాట కాగితముపై నిలుచునన్న ధైర్యము మాత్రము బాల్యముననే కలుగవలయును.

కావున సోదరీమణులారా, ఈ మాసమున మీ యింటి బిడ్డచేత దూరమున నున్న బంధువున కొక ఉత్తరము వ్రాయించుడు. వ్రాయునంతసేపు మీరు కలము పట్టకుడు.

అమ్మమ్మయొద్దనుండి పదిదినములకు పోస్టుకార్డు వచ్చినది. అక్షరములు పెద్దవి, వంకరవి. దోషము లేని పంక్తి లేదు. బాలిక దానిని మాకు చదివి వినిపించి, మడతపడకుండ వాచకములో దాచుకొన్నది. దిద్దుమని ఆమె యడుగలేదు. దిద్దవలయునని మాకును తోచలేదు.