పశువు చస్తే కబురు పెట్టాలి

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో గుర్రానికి జ్వరం వచ్చి, ఆయాసంతో ముక్కున నురగ కారితే పశువుల డాక్టరు ముందు తన ముక్కుకు మాస్కు, చేతులకు తొడుగులు వేసుకుంటాడు. ఆ తరువాతే గుర్రాన్ని ముట్టుకుంటాడు. రక్తం, ముక్కు స్రావం తీసి పరీక్షకు పంపుతాడు. ఒక్క గుర్రానికి ఇంత హడావుడి ఎందుకంటే దానికి కారణం ఉంది.

1994లో బ్రిస్బేన్ నగరంలోని హెండ్రా అనే పేటలో పందెపు గుర్రాలు వరసగా చనిపోయాయి. వాటిని సాకిన శిక్షకుడు కూడా అదే జబ్బుతో పోయాడు. అప్పుడు బయటపడిన వైరస్‌కు ఆ పేట పేరే పెట్టారు. పండ్లు తినే పెద్ద గబ్బిలాల్లో ఈ వైరస్ ఉంటుంది. వాటికి ఏమీ కాదు. అవి వాలిన చెట్టు కింద మేసిన గుర్రానికి సోకుతుంది. జబ్బు గుర్రాన్ని పట్టుకున్న మనిషికి అంటుకుంటుంది. ఇంతవరకు ఏడుగురికి సోకగా నలుగురు చనిపోయారు. అందులో ఇద్దరు పశువుల డాక్టర్లే.

2012లో గుర్రాలకు టీకా వచ్చింది. మేత, నీళ్ల తొట్లు చెట్ల కింద పెట్టవద్దని అక్కడ ఇప్పటికీ చెబుతున్నారు. 2009 తరువాత కూడా కొన్ని గుర్రాలకు ఆ జబ్బు వచ్చింది గానీ మనిషికి సోకలేదు. ముందుగా కనిపెట్టి జాగ్రత్తపడడం వృథా పోలేదు.

హెండ్రా ఆస్ట్రేలియా దాటి కనబడలేదు. కాని దాని దాయాది నిపా మన దేశంలో ఉంది. 2018లో కేరళలో 17 మందిని పొట్టన పెట్టుకుంది. అదీ గబ్బిలాల నుంచి వచ్చేదే. 1998-99లో మలేషియాలో ముందు పందులకు వచ్చి, తరువాత వంద మందికి పైగా మనుషులను చంపింది.

మరి మన ఊళ్లలో ఏం చేస్తున్నాం? మొన్నటి వానాకాలంలో మా ఊళ్లో వారం తిరక్కుండా నాలుగు మేకలు పోయాయి. ఐదోది చచ్చేలోగా కోసి పోగులు వేసుకున్నారు. మిగిలిన కళేబరాలను ఊరి బయట కుక్కలు పీక్కుతిన్నాయి. డాక్టరుకు ఎవరూ కబురు పెట్టలేదు. ఎవరికీ ఏమీ కాలేదంటే అది మన అదృష్టమే.

"కబురు పెడితే వచ్చే డాక్టరేడీ?" అని రైతులు అడుగుతున్నారు. అది న్యాయమైన ప్రశ్నే. ఖాళీగా ఉన్న పోస్టులు నింపవలసిన బాధ్యత ప్రభుత్వానిది. కాని మన బాధ్యతా కొంత ఉంది. జాబితాలోని అంటువ్యాధి పశువుకు సోకిందని అనుమానం వస్తే యజమాని పంచాయతీకి తెలపాలని 2009 నాటి కేంద్ర చట్టం చెబుతోంది. ఈ సంగతి ఎన్ని గ్రామాల్లో చాటింపు వేయించారు?

అధికారులు వెంటనే ఆ పని చేయించాలి. రైతులు కూడా 1962 నంబరుకు ఫోను చెయ్యడం అలవాటు చేసుకోవాలి. జబ్బుతో ఉన్న పశువును కోయవద్దు. చచ్చినదాన్ని ఒట్టి చేతులతో ముట్టవద్దు, లోతుగా పూడ్చాలి. నోరులేని జీవం పడిపోయిందంటే అది మనకూ హెచ్చరికే.